మరమ్మతు వేరు, నీటిమట్టం వేరు

జాతీయ ఆనకట్టల భద్రతా అథారిటీ చైర్మన్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

తెలుగు రాష్ట్రాల్లో మీ సంస్థ పేరు ఊరూరా తెలిసింది మేడిగడ్డతోనే. 2023 అక్టోబరులో ఆ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు మీ నిపుణుల బృందం ఏం తేలుస్తుందోనని టీ కొట్ల దగ్గర కూడా జనం మాట్లాడుకున్నారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరును. ఈ లేఖ కేరళ నేల మీద ఉండి తమిళనాడు చేతిలో ఉన్న ముల్లపెరియార్ ఆనకట్ట గురించి రాస్తున్నాను. ఆ ఆనకట్ట పర్యవేక్షణ కమిటీకి 2025 జనవరి నుంచి మీ అథారిటీ చైర్మనే అధ్యక్షులు కాబట్టి మీకే రాయాల్సి వచ్చింది.

కేరళ, తమిళనాడు తగవులో తెలుగువాడికేం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఆనకట్ట కట్టినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్టను చూసుకున్న ఇంజనీరింగ్ శాఖ, పెరియార్ నదికి అడ్డుకట్ట వేసిన శాఖ ఒకటే. గోదావరి జిల్లాల రైతు కాటన్ దొరకు ఎలా దండం పెడతాడో, తమిళనాడు తేని జిల్లా రైతు ఈ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పెన్నీక్విక్‌కు అలాగే పెడతాడు. లోయర్ క్యాంపు దగ్గర ఆయనకు స్మారక మందిరం కూడా ఉంది. అక్కడి కంబం లోయలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల పొలాలకు పారేది ఆ నీరే. ఇవన్నీ పక్కన పెట్టినా, అడవిలో ఉన్న ఆనకట్టకు మరమ్మతు చేయాలంటే ఏ చిక్కులు వస్తాయో నాకు ఉద్యోగంలో తెలిసివచ్చింది. ముల్లపెరియార్‌లో మీరు వేసే దారి రేపు శ్రీశైలానికీ పనికొస్తుంది.

నా మనవి ఒక్కటే. ముల్లపెరియార్‌లో మరమ్మతు అనుమతులను నీటిమట్టం తగవు నుంచి విడదీయండి. నోటిమాటగా వద్దు, రాతలో విడదీయండి. మిగతాదంతా ఆ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది.

2021 నవంబరులో జరిగింది మీకు తెలియనిది కాదు. అయినా పాఠకుల కోసం చెబుతాను. ముల్లపెరియార్‌లో పెద్ద ఆనకట్ట పక్కనే ఒక చిన్న కట్ట ఉంది. అందరూ దాన్ని బేబీ డ్యామ్ అంటారు. దాన్ని బలపరచాలంటే దిగువ వైపు పని జరగాల్సిన చోట ఉన్న చెట్లు తీసేయాలని తమిళనాడు ఏళ్ల తరబడి అడుగుతోంది. ఆ నవంబరులో కేరళ అటవీ శాఖ నుంచి 15 చెట్లు కొట్టుకోవచ్చని ఉత్తర్వు వెళ్లింది. తమిళనాడు ముఖ్యమంత్రి కృతజ్ఞతలు చెబుతూ కేరళ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆ లేఖతోనే గొడవ మొదలైంది. ఉత్తర్వు సంగతి తమకు తెలియదని కేరళ మంత్రులు అన్నారు, ఉత్తర్వును ముందు నిలిపేశారు, కొద్ది రోజులకే రద్దు చేశారు, సంతకం చేసిన అటవీ ఉన్నతాధికారిని సస్పెండ్ చేశారు. 15 చెట్లు! ఒక రోడ్డు వెడల్పు చేస్తే వందల చెట్లు పడిపోయే దేశంలో 15 చెట్ల మీద రెండు రాష్ట్రాలు అంతగా కదిలాయంటే, తగవు చెట్ల గురించి కానే కాదని చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఆ తగవు అడుగుల లెక్కది. పూర్తి నీటిమట్టం 152 అడుగులు. 1979 ఆగస్టులో గుజరాత్‌లో మచ్చు ఆనకట్ట తెగి మోర్బీ పట్టణాన్ని ముంచేసింది. ఆ భయం దేశమంతా పాకింది, కేరళలో ఎక్కువగా పాకింది. కేంద్ర జల సంఘం చెప్పిన మీదట ముల్లపెరియార్‌లో నీటిని 136 అడుగులకు దించారు. ఆనకట్ట తలమీద కాంక్రీటు బరువు వేయడం, ఉక్కు తీగలతో పునాదికి బిగించడం, వెనక వైపు కాంక్రీటు దన్ను పెట్టడం వంటి పనులు అయ్యాక మళ్లీ పెంచుకోవచ్చన్నారు. 2006లో సుప్రీంకోర్టు 142 అడుగులకు ఒప్పుకుంది. కేరళ చట్టం చేసి 136 దగ్గరే ఆపబోయింది. 2014 మే 7న రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం చెల్లదని కొట్టివేసి 142ను ఖాయం చేసింది. ఇక మిగిలింది 152. అక్కడికి వెళ్లాలంటే ముందు బేబీ డ్యామ్‌ను బలపరచాలి.

చిక్కంతా ఈ ముడిలోనే ఉంది. బేబీ డ్యామ్ బలపడటమంటే 152 అడుగులకు తలుపు తెరుచుకోవడమేనని కేరళ అనుకుంటోంది. అందుకే అక్కడ చెట్టు కొట్టడానికి ఇచ్చే కాగితం, పది అడుగుల నీరు పెంచుకోవడానికి ఇచ్చిన కాగితంలా కనిపిస్తుంది. తమిళనాడు కూడా ఈ అనుమానం తీరేలా ఎన్నడూ మాట్లాడలేదు. మరమ్మతు ఊసెత్తినప్పుడల్లా అదే వాక్యంలో 152 ప్రస్తావన తెచ్చింది. మేడ మీద గది వేసుకోవడం గురించి అన్నదమ్ముల మధ్య తగవు ఉందని, కారుతున్న పెంకు కూడా మార్చకుండా వాన నీళ్లకు గిన్నెలు పెట్టుకుంటూ కూర్చున్నట్టుంది ఇది.

ఆ ఆనకట్ట గోడ దగ్గర ఉన్న పరిస్థితి ఏమిటో కొంచెం చెప్పాలి. 1887లో మొదలై 1895లో పూర్తయిన ఆనకట్ట ఇది. ఎత్తు 176 అడుగులు, పొడవు 1,200 అడుగులు. రాయి, సున్నం, సుర్ఖీ. సుర్ఖీ అంటే మన పాత ఇళ్లల్లో వాడిన ఇటుక పొడే. సున్నం కట్టడానికి ఒక గుణముంది, ఒక దోషముంది. సిమెంటులా పెళుసుగా పగలదు, కాస్త సర్దుకుంటుంది. అయితే లోపలికి చొరబడిన నీరు ఏళ్ల తరబడి ఆ సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించి బయటికి తెస్తూనే ఉంటుంది. పాత రాతికట్టు ఆనకట్ట ఏదైనా సరే, దిగువ ముఖం దగ్గర నిలబడి చూస్తే రాళ్ల అతుకుల వెంట తెల్లని చారలు కనిపిస్తాయి. లోపలి గ్యాలరీలోకి వెళితే గోడల మీద సున్నపు పొర గట్టిపడి ఉంటుంది, పక్క కాలువలో ఊట నీరు సన్నగా పారుతూ ఉంటుంది. ఆ నీరు ఎంత వస్తోందో రోజూ కొలిచి రాసుకోవడం అక్కడి సిబ్బంది పని. ఊట ఉండటం ప్రమాదమేమీ కాదు. ఊట ఉన్నట్టుండి పెరిగినా ప్రమాదమే, తగ్గినా అనుమానించాల్సిందే. తేటగా వచ్చే నీరు బురదగా మారితే ఆ రాత్రి ఎవరూ నిద్రపోకూడదు. ముల్లపెరియార్‌లో 1930ల్లోనే ఖాళీల్లోకి సిమెంటు పాలు ఎక్కించి గ్రౌటింగ్ చేశారు. అది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. కట్టడం నిలిచి ఉన్నంత కాలం మరమ్మతు ఉంటుంది. కొత్త ఆనకట్ట కావాలనే వాళ్లయినా, పాతదే చాలనే వాళ్లయినా ఈ మాట కాదనలేరు. ఈ రోజే కొత్తదానికి అనుమతి ఇచ్చినా అది లేచి నిలబడేదాకా కింది ఊళ్లకు రక్ష ఈ పాత గోడే కదా.

చెట్ల సంగతి కూడా అంతే. కట్ట కాలి దగ్గర చెట్లు పెరగనివ్వకూడదని ఏ కాలువ లష్కర్‌ను అడిగినా చెబుతాడు. పచ్చగా ఉన్న వేరు వల్ల అంత ముప్పు లేదు. చెట్టు చచ్చాక వేరు లోపల కుళ్లి గొట్టంలా ఖాళీ అవుతుంది, నీటికి అదే దారి. పైగా పొదలు కమ్మేస్తే ఊట ఎక్కడ వస్తోందో కంటికి కనిపించదు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఆకులను చూసి వెళ్లాల్సి వస్తుంది.

ఇక రెండో వైపు. అటవీ శాఖను అడ్డంకిగా చూపించే అలవాటు మా ఇంజనీర్లలో చాలామందికి ఉంది. నాకు అది సుతరామూ నచ్చదు. పెరియార్ అడవి మామూలు అడవి కాదు. 1950లో అభయారణ్యం, 1978లో పులుల సంరక్షణ కేంద్రం. విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. తేక్కడిలో పడవ ఎక్కిన తెలుగు పర్యాటకులు ఆ సరస్సు మధ్యలో నిలబడి ఉన్న నల్లని మోడులను చూసే ఉంటారు. నూట ముప్పై ఏళ్ల కిందట నీరు పైకి వచ్చినప్పుడు మునిగిన అడవి చెట్లవి. వాటి మీద ఇప్పుడు నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి. అడవి మధ్యకు సరస్సు వచ్చింది ఆనకట్ట వల్లే. ఆ సరస్సు ఒడ్డున గడ్డి కోసం ఏనుగులు వస్తాయి, అడవి దున్నలు వస్తాయి. ఈ ఆనకట్ట తెగితే ఊళ్లతో పాటు ఆ ఒడ్డూ పోతుంది. కాబట్టి మరమ్మతు అడవికి పడని పని అనే మాట తప్పు. ఆ గోడ క్షేమంగా ఉండటం అటవీ శాఖకూ అవసరమే. వాళ్లను మొదటి రోజు నుంచే బల్ల దగ్గర కూర్చోబెట్టాల్సిన కారణం ఇదే.

చట్టాల వరసేమిటో కూడా చూద్దాం. 1886 అక్టోబరు 29న తిరువాన్కూరు రాజు దగ్గర మద్రాసు 8,000 ఎకరాలు 999 ఏళ్లకు లీజుకు తీసుకుంది. 1970లో రెండు రాష్ట్రాలూ ఆ లీజును మళ్లీ ఒప్పుకున్నాయి. నేల కేరళది, కట్టడం తమిళనాడు చేతిలో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత వచ్చాయి. ఉన్న ఆనకట్టను బలపరచడం అటవీ సంరక్షణ చట్టం చెప్పే అటవీయేతర పని కిందికి రాదని 2006 తీర్పులోనే సుప్రీంకోర్టు అంది. అంటే కొత్త ప్రాజెక్టుకు అడవిని మళ్లించే ఫైలు, ఈ ఫైలు ఒకటి కావని న్యాయస్థానమే చెప్పినట్టు. అయినా నేల మీద పనులు చేసేవాళ్లకు ఆ మాట చేరలేదు. 2024 డిసెంబరులో నిర్వహణ పనులకు సామగ్రి తీసుకెళ్తున్న తమిళనాడు లారీలను వల్లకడవు అటవీ చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. కొద్ది రోజుల తర్వాత షరతులు పెట్టి వదిలారు. 2025 మేలో చెట్ల వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్లింది. దరఖాస్తును కేంద్రానికి పంపమని కేరళకు, దాన్ని తేల్చమని కేంద్రానికి వారాల లెక్కన గడువులు పెట్టాల్సి వచ్చింది. చెట్లు లెక్కపెట్టి దరఖాస్తు పైకి పంపడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం ఉత్తర్వు కావాలా? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

లారీ దగ్గరికే వద్దాం. చెక్‌పోస్టులో ఉన్న గార్డు ఏం చేయాలి? అతని చేతిలో పై అధికారి కాగితం లేదు. ఆ లారీలో ఉన్నది రోజువారీ నిర్వహణకా, కొత్త పనికా అతనికి తెలియదు. వదిలేస్తే రేపు తన ఉద్యోగం పోవచ్చు, 2021లో అంత పెద్ద అధికారికే జరిగింది కదా. కాబట్టి ఆపేశాడు. అతని స్థానంలో నేనున్నా ఆపేవాణ్నే. ఏటా జరిగే నిర్వహణకు ఏ సామగ్రి ఎంత వెళుతుందో ముందే జాబితా రాసి, ఆ జాబితా మీద రెండు శాఖలూ సంతకాలు పెట్టి, ఒక ప్రతి చెక్‌పోస్టులో అతికించి ఉంటే ఆ రోజు వార్తే ఉండేది కాదు.

నా ఉద్యోగం తొలి రోజుల్లో అడవి అంచున ఒక చెరువు తూము దగ్గర కట్ట కుంగింది. పేర్లు అవసరం లేదు. కొత్త మట్టి తెచ్చి తొక్కించి కట్ట సరిచేయాలి. ఎస్టిమేటు పై ఆఫీసులో తయారై వచ్చింది. అందులో మట్టి ఎన్ని ఘనపు మీటర్లో ఉంది, ట్రాక్టరు బాడుగ ఉంది, నీళ్లు చల్లి రోలరు తిప్పే ఖర్చు ఉంది. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం లేదు. దగ్గర్లో పనికొచ్చే మట్టి ఉన్నదంతా అటవీ భూమిలోనే. కాంట్రాక్టరు తవ్వడం మొదలుపెట్టగానే బీట్ ఆఫీసర్ వచ్చి ట్రాక్టర్లు ఆపాడు. అతను తన పని చేశాడు. మావాళ్లు అనుమతికి కాగితం పెట్టారు. దాని మీద కొర్రీలు పడ్డాయి. కొర్రీలకు జవాబులు తయారవుతుండగానే తొలకరి వచ్చింది. ఆ ఏడు ఆ చెరువు కింద నాట్లు పడలేదు, భయంతో తూము తెరిచి నీళ్లు వదిలేశాం. మట్టి ఎక్కడిదన్న ఒక్క వాక్యం ముందే రాసి, బీట్ ఆఫీసర్‌తో కలిసి ఆ చోటు నడిచి చూసి ఉంటే సరిపోయేది.

ముల్లపెరియార్‌లో కాలం ఇంకా ఇరుకు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. ఆ గోడ ముఖం మీద పని చేయడానికి మిగిలేది జనవరి నుంచి మే దాకానే. అడవికి కూడా ఆ నెలలే గడ్డుకాలం. వాగులు ఎండుతాయి, జంతువులన్నీ సరస్సు ఒడ్డుకు దిగుతాయి, గడ్డి మైదానాల్లో కార్చిచ్చు భయం మొదలవుతుంది. ఇంజనీరుకు కావలసిన రోజులూ ఏనుగుకు కావలసిన రోజులూ ఒకటే. ఈ చిక్కు కోర్టులో తేలదు. ఏ వారం ఏ చోట పని, ఏ వారం ఎక్కడ ఆపాలి అని క్యాలెండరు ముందు పెట్టుకుని రేంజరూ ఇంజనీరూ కూర్చుంటే తేలుతుంది.

అలా కూర్చుంటే ప్రణాళికలో రాయాల్సినవి నాకు తెలిసినంతలో చాలానే ఉన్నాయి. కూలీలను అడవిలో గుడారాలు వేసి ఉంచకూడదు, పొద్దున తీసుకొచ్చి పొద్దుగూకక ముందే పంపేయాలి. వంట అక్కడ వద్దు, తప్పదంటే గ్యాసు పొయ్యి, కట్టెపుల్ల ముట్టుకోకూడదు. ఇసుక, కంకర ఒక్కటీ అడవిలో తవ్వకూడదు. వల్లకడవు నుంచి అడవిలోగుండా వెళ్లే ఘాట్ రోడ్డు బాగుచేయాలని తమిళనాడు అడుగుతోంది. ఆ రోడ్డుకు పెట్టే షరతులన్నిటిలోకీ ముఖ్యమైంది వెడల్పు. గుంతలు పూడ్చడానికి ఇచ్చిన అనుమతి ఒక్క గజం కూడా పక్కకు జరగకూడదు, రాత్రి బండి కదలకూడదు. గ్రౌటింగ్ చేసేటప్పుడు పొంగి పొర్లే సిమెంటు నీరు సరస్సులో కలిస్తే చేపలు చస్తాయి, దాన్ని గుంటలోకి మళ్లించి పేరుకున్న మడ్డిని బయటికి తీసుకెళ్లాలి. ప్రతి చెట్టుకూ నంబరు, జాతి, చుట్టుకొలత, గూడు ఉందా లేదా అన్న వివరం రాయాలి. కొమ్మ కొడితే సరిపోయే చోట చెట్టు కొట్టకూడదు. 15 చెట్లని అడిగితే 15 చెట్లే, నరికిన కలప ఎక్కడికి వెళ్లిందో కూడా రాతలో ఉండాలి.

ఇదంతా కాపలా కాసేదెవరు? పెరియార్‌లో దానికి సిద్ధంగా మనుషులున్నారు. ఒకప్పుడు వయన (అడవి దాల్చిన) బెరడు దొంగచాటుగా తీసి అమ్ముకుని బతికినవాళ్లు అక్కడి ఎకో డెవలప్‌మెంట్ కమిటీల్లో చేరి గస్తీ తిరుగుతున్నారు, పర్యాటకులకు దారి చూపిస్తున్నారు. మన్నాన్, పళియర్ కుటుంబాలకు ఆ ఒడ్డు అణువణువూ తెలుసు. మా నల్లమలలోనూ చెంచులే పులుల అడవికి కళ్లూ చెవులూ. మరమ్మతు జరిగినన్నాళ్లూ కూలి ఇచ్చి వాళ్లను పర్యవేక్షకులుగా పెట్టండి. షరతు ఎక్కడ తప్పినా పని ఆపించే అధికారం వాళ్ల ఫిర్యాదుకు ఇవ్వండి. ఢిల్లీ నుంచి ఏడాదికోసారి వచ్చే కమిటీ కంటే రోజూ అక్కడుండే కన్ను మేలు.

కేరళ భయాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. వల్లకడవు, వండిపెరియార్, ఉప్పుతర ఊళ్లు ఆ గోడ కిందే ఉన్నాయి. వానాకాలం రాత్రి నీటిమట్టం పెరుగుతోందని ఫోనులో చూసుకుంటూ మేలుకుని ఉండే తేయాకు తోట కార్మికుల భయాన్ని ఏ సుప్రీంకోర్టు తీర్పూ తీర్చలేదు. 2018 వరదల్లో నీటిని కొన్నాళ్లు 139.99 అడుగులు దాటనీయవద్దని కోర్టే చెప్పాల్సి వచ్చింది. కింద ఇడుక్కి ఆనకట్ట ఉంది కదా, అది పట్టుకుంటుందిలే అని లెక్కలు చూపించేవాళ్లకు ముల్లపెరియార్‌కూ ఇడుక్కికీ మధ్య మనుషులున్నారన్న సంగతి గుర్తుండదు. అందుకే అంటున్నాను, ఆ భయం ఉన్నవాళ్లే అందరికంటే ముందు మరమ్మతు అడగాలి. మరమ్మతు అయితే నీరు పెంచేస్తారన్న అనుమానం వాళ్ల నోరు కట్టేస్తోంది. ఆ అనుమానాన్ని తీసేయగలిగిన కుర్చీలో మీరున్నారు.

మీ చేతిలో అధికారమూ ఉంది. 2021 ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం ఒక రాష్ట్రం ఆనకట్ట మరో రాష్ట్రం నేలపై ఉంటే, రాష్ట్ర భద్రతా సంస్థ చేయాల్సిన పని మీ అథారిటీ చేయాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. నిర్వహణకు యజమాని నిధులు పక్కన పెట్టి తీరాలి. చట్టం అమల్లోకి వచ్చిన ఐదేళ్లలోగా, అంటే 2026 డిసెంబరు నాటికి, సమగ్ర భద్రతా మదింపు జరగాలి. మీరు ఒక ఉత్తర్వు రాయండి. ఫలానా మరమ్మతులు ప్రస్తుతం అనుమతి ఉన్న 142 అడుగుల దగ్గర భద్రత కోసమే, ఈ పనులు పూర్తయ్యాయన్న కారణంతో ఎవరూ నీటిమట్టం పెంచమని అడగరాదు, ఆ సంగతి వేరే విచారణలో మాత్రమే తేలుతుంది అని. కోర్టు ముందు పెట్టి దానికి ముద్ర వేయించండి. ఆ ఉత్తర్వు మీద తమిళనాడు సంతకం చేస్తే దానికి పోయేదేమీ లేదు, 152 కోసం అడిగే హక్కు వేరే తలుపు దగ్గర అలాగే ఉంటుంది. కేరళ సంతకం చేస్తే దానికీ పోయేదేమీ లేదు, కొత్త ఆనకట్ట కోసం అడిగే హక్కు అలాగే ఉంటుంది. అప్పుడు ఆ చెట్లు నిజంగా చెట్లే అవుతాయి, అటవీ అధికారి వాటిని చెట్లుగానే చూసి కొట్టవచ్చో లేదో చెప్పగలుగుతాడు.

మా దగ్గర ఆలస్యం ఏం చేసిందో చూశాం. 2024 జూలై 18న అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో. మరమ్మతు ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలన్నది తేలకముందే నీరు వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీదికి వెళ్లిపోయింది. అదే ఏడాది ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వయసు మీద పడిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, నీరు పారుతుండగానే స్టాప్‌లాగులు దింపించి ఆపారు. ఆ సాహసానికి చేతులెత్తి మొక్కాం. కానీ గొలుసు మార్చే పని వేసవిలో అయిపోయి ఉంటే ఆయనకు ఆ వయసులో ఆ శ్రమ ఉండేది కాదు, డ్యాము నుంచి అంత నీరు వృథాగా పోయేదీ కాదు. శ్రీశైలంలో 2009 అక్టోబరు వరద తర్వాత గేట్ల దిగువ గుంత గురించి ఎన్ని కమిటీలు, ఎన్ని నివేదికలు! అక్కడా చుట్టూ పులుల అడవే. అక్కడ పెద్ద పని మొదలుపెట్టే రోజు యంత్రాలు దిగాల్సిన దారి గురించి, రాయి ఎక్కడి నుంచి వస్తుందన్న దాని గురించి ఈ ప్రశ్నలన్నీ మళ్లీ లేస్తాయి. ముల్లపెరియార్‌లో మీరు రెండు శాఖల ఉమ్మడి ప్రణాళిక ఒకటి తయారు చేయిస్తే మా వాళ్లు దాన్ని ముందు పెట్టుకుని పని మొదలుపెట్టగలుగుతారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మరమ్మతు పేరుతో అడవిలో ఇంకేదైనా దూర్చే అలవాటు ప్రభుత్వాలకు ఉంది. మరమ్మతు రోడ్డు కొన్నాళ్లకు పర్యాటక రోడ్డవుతుంది, సిబ్బంది షెడ్డు అతిథి గృహమవుతుంది. అనుమతి తేలిక చేయమని నేను అడుగుతున్నది ఉన్న కట్టడాన్ని ఉన్న కొలతల్లో కాపాడుకోవడానికి మాత్రమే. అంగుళం ఎత్తు పెరిగినా, కొత్తగా ఒక్క ఎకరం మునిగినా అది మరమ్మతు కాదు. దానికి పూర్తి విచారణ, ప్రజాభిప్రాయం, వన్యప్రాణి మండలి పరిశీలన అన్నీ జరగాల్సిందే. ఈ గీత మీరు గట్టిగా గీస్తేనే అటవీ శాఖ మిమ్మల్ని నమ్ముతుంది.

వచ్చే జనవరికి పని మొదలు కావాలంటే అక్టోబరు నాటికి ప్రణాళిక సిద్ధం కావాలి. కాబట్టి ఈ వానాకాలంలోనే ఒక రోజు పెట్టండి. తమిళనాడు ఇంజనీర్లు, పెరియార్ పులుల కేంద్రం అధికారులు, వండిపెరియార్ నుంచి నలుగురు, కంబం నుంచి నలుగురు బేబీ డ్యామ్ దిగువన కలవాలి. చెట్ల జాబితా చేత్తో పట్టుకుని ఒక్కో చెట్టు దగ్గరా ఆగాలి. ఏది తీయక తప్పదో, ఏది ఉంచవచ్చో అక్కడే రాసుకోవాలి. ఆ రాసిన కాగితాన్ని అదే వారం మలయాళంలోనూ తమిళంలోనూ ప్రజల ముందు పెట్టాలి. ఊట నీటి కొలతలు కూడా ఆ రోజు నుంచి ప్రతి వారం అలాగే బయటపెట్టాలి. ఆ తేదీ ఎప్పుడో దయచేసి ప్రకటించండి.

ఇట్లు,
విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు ఒకరు